డాబ్స్ లిన్‌లో బడిపంతులు చదివిన రాళ్లు

దక్షిణ స్కాట్లండ్‌లో మోఫట్ అనే చిన్న ఊరి నుంచి సెల్‌కర్క్ వైపు ఏ708 అనే సన్నని రోడ్డు ఒకటి కొండల మధ్యగా ఎక్కిపోతుంది. ఆ దారిన వచ్చే యాత్రికులు చాలామంది గ్రే మేర్స్ టెయిల్ జలపాతం దగ్గర ఆగి, అరవై మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్లను చూసి, ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. అక్కడి నుంచి ఇంకొంచెం పైకి, బర్క్‌హిల్ కనుమ దాకా వెళితే రోడ్డుకు ఎడమ పక్కన గడ్డివాలు కింద ఒక ఇరుకు లోయ కనిపిస్తుంది. పేరు డాబ్స్ లిన్. దూరం నుంచి చూస్తే పచ్చటి కొండకు తగిలిన నల్లటి గాయంలా ఉంటుంది, అంతే. కానీ ప్రపంచంలో ఏ దేశపు భూవిజ్ఞాన పటంలోనైనా ఆర్డోవిషియన్ యుగం ఎక్కడ ముగిసి సైలూరియన్ యుగం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే, చివరికి ఈ లోయలోని రాతిపొరలనే సాక్ష్యం అడగాలి. నేను వెళ్లింది దానికోసమే.

ఎడింబరాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కారు తీశాడు. ఊరు దాటిన కాసేపటికే చెట్లు పలచబడి, గుండ్రటి పచ్చికొండలు మొదలయ్యాయి. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండ మీదుగా అటువైపుకు పాకిపోతుంటాయి. వాటి మధ్య గొర్రెలు. డెవిల్స్ బీఫ్ టబ్ అనే పెద్ద గుంట అంచున రోడ్డు మెలికలు తిరిగి మోఫట్‌లోకి దిగుతుంది. స్కాట్లండ్ అనగానే మనకు గుర్తొచ్చే కోసు శిఖరాలు ఉత్తరాన ఉన్నాయి. ఇక్కడి కొండలకు అంత గాంభీర్యం లేదు. పైకి ఏమీ చెప్పని కొండలివి. అందుకే కాబోలు, వీటి లోపలి అమరికను అర్థం చేసుకోవడానికి ఉద్దండులకే చాలాకాలం పట్టింది.

"మామయ్యా, ఇంతదూరం వచ్చి జలపాతం చూడకుండా పోతామా?" అన్నాడు మావాడు. చూశాం. బాగుంది. కానీ నా మనసు అక్కడ నిలవలేదు.

రోడ్డు పక్క కారు ఆపి, చిత్తడి గడ్డిలోంచి వాగు వైపు దిగాం. మే నెల చివర్లో కూడా గాలి చెవుల్ని కోసేస్తోంది. వాగు వెంట లోపలికి నడిస్తే లోయ సన్నబడుతుంది, చివర ఒక చిన్న జలపాతం. పదిహేడో శతాబ్దంలో రాజుగారి మతశాసనానికి లొంగని కవెనెంటర్లు సైనికుల కంటపడకుండా ఈ లోయలో తలదాచుకున్నారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. లోపలికి వచ్చాక ఆ మాట నమ్మాలనిపిస్తుంది. పైన రోడ్డు మీద వెళ్లేవాడికి ఇక్కడ మనిషి ఉన్నట్టే తెలియదు.

రెండు పక్కలా నల్లటి చరియలు. దగ్గరికి వెళ్తే అవి ఒకే నలుపు కావు. కింద కొంతమేర లేత బూడిదరంగు మట్టిరాయి, మధ్యమధ్యలో సన్నటి నల్లని పట్టీలు, ఆపైన బొగ్గులాంటి నల్లటి షేల్, దాని మధ్య అక్కడక్కడా వేలెడు మందాన తెల్లబారిన బంకమట్టి పొరలు. చరియ అడుగున రాతి పలుకులు గుట్టలుగా రాలి ఉన్నాయి. ఇది చట్టపరంగా రక్షించిన స్థలం, చరియను సుత్తితో కొట్టకూడదు. రాలిన ముక్కల్ని తిరగేసి చూడటానికి మాత్రం ఎవరి అభ్యంతరమూ ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా తిప్పడం మొదలుపెట్టాం.

మొదట దొరికింది మావాడికే. "మామయ్యా, దీనిమీద ఎవరో గీసినట్టుంది చూడు!" అని అరిచాడు. చూశాను. మా చిన్నప్పటి మార్కాపురం పలక మీద బలపంతో పిల్లవాడు తోచినట్టు గీసిన గీతల్లా ఉన్నాయవి. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, నలుపు మీద వెండి మెరుపు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి, నేరుగా పట్టుకుంటే మాయమవుతాయి. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం అది గీత కాదని తెలిసిపోతుంది. ఒక అంచు వెంట వరుసగా పళ్లు. పన్నుకూ పన్నుకూ మధ్య దూరం ఒకటే. ఏ ప్రకృతి ప్రమాదమూ అంత క్రమంగా గీయలేదు. జీవి మాత్రమే గీయగలదు.

ఇవే గ్రాప్టొలైట్లు. వీటికి ఆ పేరు రావడానికి మూలపురుషుడైన లిన్నేయస్ 1735లో ఇవి శిలాజాలే కావనుకున్నాడు, రాతిలో ఏర్పడిన ఉత్త మరకలనుకున్నాడు. ఆయన తరవాత కొందరు మొక్కలన్నారు, కొందరు పగడాల బంధువులన్నారు. గీతలా నలిగిపోయిన శిలాజం నుంచి జీవి ఆకారం ఊహించడం అంత కష్టం. ఆ చిక్కు విప్పినవాడు పోలండ్‌కు చెందిన రోమన్ కోజ్లోవ్‌స్కీ. నలగకుండా మిగిలిన గ్రాప్టొలైట్లు ఉన్న రాళ్లను ఆయన యాసిడ్‌లో కరిగించి, శిలాజాలను పూర్తి ఆకారంతో బయటికి తీసి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. వాటి గొట్టాల గోడలు కట్టిన తీరు, నేటి సముద్రాల అడుగున బతుకుతున్న టెరోబ్రాంక్ అనే అతి చిన్న జీవుల ఇళ్ల తీరుతో సరిపోయింది. ఆ పెద్ద గ్రంథం 1949లో వెలువడింది. 2013లో ప్రచురితమైన ఒక వంశవృక్ష పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ టెరోబ్రాంక్‌లలో ఒకటైన రాబ్డోప్లూరాను బతికున్న గ్రాప్టొలైట్‌గానే లెక్కించాలంది. వెన్నెముక ఉన్న జీవులకు ఇవి దూరపు చుట్టాలు. అంటే మనకు కూడా.

ఒక్కో పన్నూ ఒక్కో చిన్న గొట్టం. అందులో మిల్లీమీటరు కూడా లేని ఒక ప్రాణి ఉండేది. అది సన్నటి చేతులు బయటికి చాచి నీళ్లలోని ఆహారపు నలుసుల్ని పట్టుకునేది. ఒక్క గొట్టం నుంచి రెండోది, రెండో దాని నుంచి మూడోది పుట్టుకొచ్చి, ఒకే తల్లి సంతానమంతా ఒకే ఇంట్లో బతికేది. కేంబ్రియన్ యుగంలోని తొలి గ్రాప్టొలైట్లు సముద్రపు అడుగుకు అంటుకుని పొదల్లా పెరిగేవి. ఆర్డోవిషియన్ మొదట్లో, అంటే దాదాపు 48 కోట్ల సంవత్సరాల కిందట, కొన్ని ఆ పట్టు విడిచి నీటిలో తేలడం నేర్చాయి. భూవిజ్ఞానానికి అంతటి సాయం చేసిన మలుపు జీవచరిత్రలో ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. అడుగుకు అతుక్కున్న జీవి తన తీరాన్ని, తన లోతును, తన రకం మట్టిని దాటి పోలేదు. తేలే జీవి ప్రవాహం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికల్లా పోతుంది. చచ్చాక కిందికి రాలి, కింద ఏ మట్టి ఉంటే అందులోనే పాతుకుపోతుంది. అందుకే ఒకే జాతి గ్రాప్టొలైట్ స్కాట్లండ్‌లోనూ చైనాలోనూ, మధ్య ఐరోపాలోని బొహీమియాలోనూ ఒకే కాలపు రాళ్లలో దొరుకుతుంది.

విస్తరణ ఒక్కటే చాలదు. అవి వేగంగా మారాయి కూడా. తొలినాళ్లలో ఎన్నో కొమ్మలున్న ఇల్లు, తరవాత నాలుగు కొమ్మలైంది, ఆ తరవాత రెండు. రెండు కొమ్మలూ వీపు వీపు ఆనించుకుని ఒక్కటిగా అతుక్కున్నాయి, అప్పుడు రెండంచులా పళ్లు వచ్చాయి. సైలూరియన్‌లోకి అడుగుపెట్టాక ఒక్క వరుస పళ్లున్న మోనోగ్రాప్టస్‌లు వచ్చాయి. వాటిలో కొన్ని నిటారుగా, కొన్ని వంపుగా, కొన్ని చుట్టలు చుట్టుకుని. రాస్ట్రైటిస్ అనే దాని పళ్లయితే ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా నిలబడి ఉంటాయి, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. పోయిన రూపం మళ్లీ రాదు. ఒక జాతి పుట్టి, విస్తరించి, అంతరించే వ్యవధి చాలాచోట్ల పది లక్షల సంవత్సరాలో, అంతకు తక్కువో. 44 కోట్ల సంవత్సరాల కిందటి కాలాన్ని అంత సన్నని ముక్కలుగా కోయడం మరే శిలాజంతోనూ సులభం కాదు. ఆ కాలపు లోతు సముద్రపు నల్లషేల్‌లో అసలు ఇవి తప్ప మరొకటి దొరకడమే అరుదు. ఆ సముద్రపు అడుగున ప్రాణవాయువు లేదు, గుల్లలూ పురుగులూ బతకలేదు. పైనుంచి రాలిన గ్రాప్టొలైట్‌ను తినేవాళ్లు, తవ్వి చెదరగొట్టేవాళ్లు లేరు కాబట్టే అది పడినచోటే ఉండిపోయింది. కుళ్లకుండా మిగిలిన జీవపదార్థమే ఈ రాయికి నలుపునిచ్చింది.

ఇప్పుడు బడిపంతులు గురించి చెప్పాలి. చార్లెస్ లాప్‌వర్త్ 1842లో ఇంగ్లండ్‌లోని ఫారింగ్‌డన్‌లో పుట్టాడు. ఉపాధ్యాయ శిక్షణ పొంది 1864లో ఈ కొండలకు దగ్గరలోని గాలాషీల్స్ పట్టణంలో పంతులుగా చేరాడు. వాల్టర్ స్కాట్ నవలల మీది ఇష్టమే ఆయన్ని ఈ సరిహద్దు సీమకు రప్పించిందంటారు. భూవిజ్ఞానంలో ఆయనకు పట్టా లేదు, చదువు చెప్పిన గురువూ లేడు. సెలవుల్లో కొండలెక్కడం అలవాటైంది, కొండలెక్కితే రాళ్లు కనబడ్డాయి, రాళ్లలో గ్రాప్టొలైట్లు కనబడ్డాయి. అంతే, ఇక వదల్లేదు. కనుమ దగ్గరున్న బర్క్‌హిల్ కాటేజీలో మకాం పెట్టి ఈ లోయను చదివాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. గోడకు ఆయన పేరిట స్మారక ఫలకం పెట్టారు. మావాడు, నేను రోడ్డు మీద నిలబడి దాన్ని చాలాసేపు చూశాం.

ఆయనకు ముందు వచ్చినవాళ్లు మోఫట్ చుట్టుపక్కల నల్లషేల్‌లో గ్రాప్టొలైట్లు ఏరుకుని, అన్నిటినీ ఒకే డబ్బాలో వేసుకుని వెళ్లారు. ఏది కింది పొరది, ఏది పైదన్న పట్టింపు లేదు. ఈ కొండల్లో ఎన్నో చోట్ల నల్లషేల్ పట్టీలు కనిపిస్తాయి. అవన్నీ వేరువేరు కాలాలకు చెందినవని, ఒకదానిమీద ఒకటి పేరుకున్న మహా మందపాటి రాశి ఇదని అప్పటి నిపుణుల అంచనా. లాప్‌వర్త్ డబ్బా పద్ధతిని వదిలేశాడు. చరియ ముందు నిలబడి, అంగుళం అంగుళంగా పైకి పోతూ, ఏ పొరలో ఏ జాతి మొదలైంది, ఏ పొరలో ఏది ఆగింది అని రాసుకున్నాడు. డాబ్స్ లిన్‌లో కుదిరిన ఆ వరుసను పక్క లోయకు, దాని పక్క లోయకు తీసుకెళ్లి పోల్చాడు. ప్రతిచోటా అదే వరుస. కొన్నిచోట్ల మాత్రం తలకిందులుగా. కొన్నిచోట్ల వరుస ఒకసారి పైకి పోయి, మళ్లీ అదే వరుస వెనక్కి వచ్చేది.

అర్థం ఒక్కటే. ఇవి ఎన్నెన్నో నల్లషేల్‌లు కావు. ఒకటే పలచని నల్లషేల్. భూమి నొక్కుడుకు అదే మడతలు పడి, తెగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, మళ్లీ మళ్లీ పైకి తేలింది. బొటనవేలు గోరంత శిలాజం ఒక పర్వతశ్రేణి నిర్మాణాన్ని తేల్చింది! 1878లో 'మోఫట్ శ్రేణి' అన్న వ్యాసంగా ఆయన దీన్ని ప్రచురించాడు. ప్రభుత్వ సర్వే తన పటాలు తిరగరాసుకోవాల్సి వచ్చింది. బెన్ పీచ్, జాన్ హోర్న్ 1899లో వెలువరించిన సర్వే గ్రంథం లాప్‌వర్త్ క్రమాన్నే పునాదిగా తీసుకుంది. తరవాతి తరాలు ఈ మడతలకు కారణం కూడా కనుగొన్నాయి. అప్పట్లో స్కాట్లండ్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య ఇయాపిటస్ అనే మహాసముద్రం ఉండేది. అది మూసుకుపోతున్నప్పుడు దాని అడుగునున్న మట్టి గోకబడి గుట్టలుగా పోగుపడి ఈ కొండలైంది. ఇవాళ రెండు దేశాల మధ్య మనిషి గీసిన సరిహద్దు, ఆ సముద్రం మూసుకుపోయిన అతుకుకు దాదాపు దగ్గరలోనే పోతుంది.

లాప్‌వర్త్ కథలో మనవైపు చూసే చిన్న కిటికీ ఒకటుంది. 1875లో ఆయన గాలాషీల్స్ వదిలి సెయింట్ ఆండ్రూస్ పట్టణంలోని బడిలో ఇంగ్లిష్ మాస్టరుగా చేరాడు. ఆ బడి పేరు మద్రాస్ కాలేజ్. మద్రాసు ఎగ్మోర్‌లో 1789 నుంచి అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఇచ్చిన డబ్బుతో 1830ల్లో అది వెలిసింది. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం, తెలిసిన పిల్లవాడు తెలియనివాడికి చెప్పడం చూసి బెల్ దాన్ని తన ఆశ్రమంలో పెట్టాడు, 'మద్రాసు పద్ధతి' అని బ్రిటన్‌కు తీసుకెళ్లాడు. మోఫట్ శ్రేణి వ్యాసం వెలువడింది లాప్‌వర్త్ ఆ మద్రాస్ కాలేజ్‌లో పాఠాలు చెప్పుకుంటున్న కాలంలోనే. ఈ సంగతి చెబితే మావాడు నమ్మలేదు, అక్కడే ఫోన్ తీసి వెతికి నిజమని తేల్చుకున్నాడు.

లాప్‌వర్త్ చేసిన రెండో పెద్ద పని ఒక కొట్లాట తీర్చడం. వేల్స్‌లోని రాళ్లను కలిసి చదవడం మొదలుపెట్టిన స్నేహితులు ఆడం సెడ్జ్‌విక్, రోడెరిక్ మర్చిసన్. 1835లో ఒకరు కేంబ్రియన్, ఒకరు సైలూరియన్ యుగాలకు పేర్లు పెట్టారు. కొన్నాళ్లకే ఆ రెండింటి మధ్య పొరలు నావంటే నావని విడిపోయారు. సెడ్జ్‌విక్ కేంబ్రియన్‌ను పైకి లాగాడు, మర్చిసన్ సైలూరియన్‌ను కిందికి లాగాడు. మర్చిసన్ 1871లో, సెడ్జ్‌విక్ 1873లో పోయారు, రాజీ పడలేదు. 1879లో లాప్‌వర్త్ ఒక చిన్న వ్యాసం రాసి, తగవు పడ్డ పొరలు ఇద్దరివీ కావు, వాటిలోని జీవులు వేరు, కాబట్టి అదొక ప్రత్యేక యుగం అన్నాడు. ఉత్తర వేల్స్‌లో రోమన్ల కాలంలో ఉండిన ఆర్డోవిసిస్ తెగ పేరిట దానికి ఆర్డోవిషియన్ అని పేరు పెట్టాడు. అంతర్జాతీయంగా ఆ పేరుకు ఆమోదం దొరికింది 1960లో. ఆయన 1920లోనే కన్నుమూశాడు.

ఈ కథలో ఇద్దరు స్త్రీల పేర్లు చెప్పకపోతే అన్యాయం. గెర్ట్రూడ్ ఎలిస్, ఎథెల్ వుడ్ కేంబ్రిడ్జ్‌లో కలిసి చదువుకున్నారు. లాప్‌వర్త్ సంపాదకత్వంలో బ్రిటన్‌లోని గ్రాప్టొలైట్లన్నిటినీ జాతి జాతిగా వర్ణించి, బొమ్మలు గీసి, 1901 నుంచి 1918 దాకా భాగాలుగా ప్రచురించారు. శతాబ్దం దాటినా పరిశోధకులు ఆ పుటలు తిరగేస్తూనే ఉన్నారు. ఎలిస్‌కు 1900లో లండన్ భూవిజ్ఞాన సంఘం పురస్కారం ఇచ్చింది. కానీ స్త్రీలకు ఆ సభలో అడుగుపెట్టే హక్కు లేనందున ఆమె తరఫున ఒక పురుషుడు అందుకున్నాడు. ఆ సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. కేంబ్రిడ్జ్ స్త్రీలకు పూర్తి పట్టాలిచ్చింది 1948లో. ఎలిస్ చేతి కింద పెరిగిన జ్ఞానాన్ని అందరూ వాడుకున్నారు, ఆమెకు తలుపు మాత్రం అంత ఆలస్యంగా తెరిచారు. ఇది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ కోపం వస్తుంది.

లోయలోకి మళ్లీ వస్తాను. లిన్ బ్రాంచ్ అనే వాగుపాయ పక్కన, బూడిదరంగు హార్ట్‌ఫెల్ షేల్ ముగిసి నల్లటి బర్క్‌హిల్ షేల్ మొదలయ్యే చోటుకు 1.6 మీటర్ల పైన, అకిడోగ్రాప్టస్ అసెన్సస్ అనే సన్నని గ్రాప్టొలైట్ తొలిసారి కనిపిస్తుంది. 1985లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సమాఖ్య ఖరారు చేసిన ప్రపంచ ప్రమాణం ఇదే. ఇలాంటి చోట్లను గోల్డెన్ స్పైక్ అంటారు. ఇక్కడి నుంచి కిందిది ఆర్డోవిషియన్, పైది సైలూరియన్. వయసు సుమారు 44.3 కోట్ల సంవత్సరాలు. నా నడుము ఎత్తులో ఉన్న ఒక పొర మీద వేలు పెట్టి, ఇంకో చెయ్యి దానికి జానెడు కిందపెట్టి నిలబడ్డాను. ఆ నల్లషేల్ వెయ్యేళ్లకు సెంటీమీటరు కూడా పేరుకోని నెమ్మదితో ఏర్పడింది. ఆ జానెడులో ఇరవై వేల ఏళ్లకు తక్కువ కాని కాలం ఉంది. మనిషి వ్యవసాయం నేర్చిన నాటి నుంచి నేటి దాకా అందులో సగమే పడుతుంది.

ఆ సరిహద్దు ఉత్త గుర్తు మాత్రమే కాదు, దానికింద ఒక మహావిపత్తు ఉంది. అప్పటికి ఇప్పటి ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలతోపాటు మన భారత భూభాగం కూడా గోండ్వానా అనే ఒకే ఖండంలో ఉండేది. ఆ ఖండం మీద హిమానీనదాలు విస్తరించాయి. ఇవాళ్టి సహారా ఎడారిలో మంచు గోకిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. సముద్రమట్టం పడిపోయింది, నీళ్లు చల్లబడ్డాయి, ప్రవాహాలు మారాయి. సముద్రజీవుల్లో నూటికి ఎనభై అయిదు జాతులు తుడిచిపెట్టుకుపోయాయని అంచనా. డాబ్స్ లిన్‌లో ఆ కథ కళ్ల ముందే ఉంది. బూడిదరంగు మట్టిరాయిలోని సన్నటి నల్లపట్టీల్లో రకరకాల గ్రాప్టొలైట్లు కిక్కిరిసి ఉంటాయి. పైకి పోయేకొద్దీ జాతులు రాలిపోతాయి. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి రెండంచుల పళ్లున్న ఒక సాదాసీదా కుటుంబం మాత్రం బతికి బట్టకట్టింది. సైలూరియన్ గ్రాప్టొలైట్ల వైభవమంతా ఆ మిగిలిన కొద్దిపాటి నుంచి చిగురించిందే.

"సరే మామయ్యా, ముందువెనకలు గ్రాప్టొలైట్ చెబుతుంది. మరి 44 కోట్లని ఎవరు చెప్పారు?" అని అడిగాడు మావాడు. మంచి ప్రశ్న. శిలాజం వరుస మాత్రమే చెబుతుంది, సంవత్సరాలు చెప్పదు. సంవత్సరాలు చెప్పేవి ఇందాక చూసిన ఆ తెల్లబారిన బంకమట్టి పొరలు. అవి అగ్నిపర్వతాల బూడిద. అందులో జిర్కాన్ అనే ఖనిజపు సూక్ష్మమైన పలుకులుంటాయి. జిర్కాన్‌లో చిక్కుకున్న యురేనియం తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది కాబట్టి, రెండింటి పాళ్లు కొలిస్తే వయసు తేలుతుంది. డాబ్స్ లిన్ బూడిద పొరలను అలా కొలిచి 1990లో ప్రచురించారు. సరిహద్దుకు కిందిది 44.5 కోట్ల దరిదాపు, పైది 43.9 కోట్ల దరిదాపు. బూడిద అన్నిచోట్లా పడదు, పడినచోట సంవత్సరం చెబుతుంది. గ్రాప్టొలైట్ దాదాపు అన్నిచోట్లా ఉండి, బూడిద లేనిచోటికి ఆ సంవత్సరాన్ని మోసుకెళుతుంది. రెండూ కలిస్తేనే కాలపట్టిక.

ఈ స్థలానికి విమర్శకులు లేకపోలేదు. ఇక్కడి పొరలు మరీ మడతలుపడి ఉన్నాయి, గ్రాప్టొలైట్లు తప్ప గుల్లజీవుల శిలాజాలు దాదాపు లేవు, కాబట్టి తీరపు రాళ్లతో పోల్చడం కష్టం, ఇంకొంచెం శుభ్రమైన స్థలం ఎంచుకోవాల్సింది అంటారు. వాదనలో బలం ఉంది. అయినా నాకు లాప్‌వర్త్ లోయే సబబనిపిస్తుంది. ఒక పద్ధతి పుట్టినచోటే దాని కొలత నిలవడం న్యాయం.

ఇదంతా పుస్తకాల విజ్ఞానం అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో బంగారు గనుల ఊళ్లైన బెండిగో, కాసిల్‌మెయిన్‌ల పేర్లే ఆర్డోవిషియన్ కాలఖండాలకు పెట్టారు. అక్కడి మడతల్లో ఏ పొర ఎక్కడుందో గ్రాప్టొలైట్లే చెప్పాయి. చైనాలోని సిచువాన్‌లో షేల్ గ్యాస్ కోసం బావులు తవ్వేవాళ్లు ఈ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న నల్లషేల్ పొరలను గ్రాప్టొలైట్ జాతుల వరుసతోనే గుర్తుపడతారు. సౌదీ అరేబియా లోతుల్లోని గ్యాస్‌కు పుట్టిల్లు కూడా సైలూరియన్ నల్లషేలే. 44 కోట్ల ఏళ్ల కిందట కుళ్లకుండా మిగిలిన ఆ జీవపదార్థమే ఇవాళ ఇంధనం.

సాయంత్రానికి మబ్బు దిగింది. రాళ్లన్నీ దొరికిన చోటే పెట్టేసి రోడ్డెక్కాం. కారులో మావాడు అడిగిన మాటకు జవాబు చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. "మన దగ్గర దొరుకుతాయా ఇవి?"

దొరకవు. మన కడప, కర్నూలు సీమ రాళ్లు వీటికంటే ఎంతో ముందువి. కడప బేసిన్‌లో పొరలు పేరుకోవడం దాదాపు 190 కోట్ల సంవత్సరాల కిందట మొదలైంది. వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటోలైట్లు ఉన్నాయి కానీ, కొమ్మలు, పళ్లు ఉన్న జీవులు అప్పటికి భూమ్మీదే లేవు. మార్కాపురం పలకరాయి కూడా ఆ పాతకాలానిదే. దాని తరవాత మన నేల మీద మిగిలిన పెద్ద పొరలు గోదావరి లోయలోని సింగరేణి బొగ్గుతో ఉన్నవి, వాటి వయసు 30 కోట్లకు అటూ ఇటూ. మధ్యలో గ్రాప్టొలైట్ల కాలం మొత్తానికి తెలుగు నేల మీద ఒక్క పుట లేదు. ఆ కాలపు రాళ్లు కావాలంటే స్పితి లాంటి హిమాలయ లోయలకు పోవాలి.

పుట లేకపోవడం కూడా చదవదగిందే. తిరుమల ఘాట్ రోడ్డులో అలాంటి చోటు ఒకటుంది. కింద పాత గ్రానైట్, దానిమీద నేరుగా క్వార్ట్జైట్ పొరలు, ఆ రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఖాళీ. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. ఏడాదికి కోట్లమంది ఆ పక్కనుంచే వెళతారు. డాబ్స్ లిన్‌ను ప్రపంచానికి చదివి చెప్పినవాడు ఒక బడిపంతులు, సెలవు రోజుల్లో, సొంత కాళ్ల మీద. మన జిల్లాల్లోని ఉపాధ్యాయులారా, ఈ ఏడు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లేటప్పుడు ఆ ఘాట్ రోడ్డు చరియ దగ్గరో, వేంపల్లె స్ట్రొమటోలైట్ల దగ్గరో ఒక గంట బస్సు ఆపించండి. ఏ పొర కింద ఉంది, ఏది పైన ఉంది అని వాళ్ల చేత నోటుపుస్తకంలో రాయించండి.